బుడ్డల గోడౌన్లో మా హైస్కూలు

ఆ రోజుల్లో మా ఊళ్లో వాన పడితే పెద్దలందరూ నవ్వేవాళ్లు, మా తరగతిలో నేను మాత్రం దిగాలుపడేదాన్ని. కారణం ఉంది. బెళుగుప్ప దగ్గర మా ఊరికి హైస్కూలైతే వచ్చింది గానీ దానికి కట్టడం రాలేదు. కరువుకు ఖాళీగా పడివున్న వేరుశనగ గోడౌన్‌ను, "పంట వచ్చేదాకా వాడుకోండప్పా" అని సావుకారి ఇచ్చాడు. పంట రాకూడదని దేవుడికి మొక్కుకున్న రైతు కూతురు జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయివుంటాను. (మరేం చెయ్యను? "ఈడ బడి పోతే మేకలెంట పోదువులే పాపా" అని నాయన ముందే చెప్పేశాడు.)

దేవుడు నా మాట వినలేదు. ఆ ఏడు వానలు బ్రహ్మాండంగా కురిశాయి, బస్తాలు వచ్చిపడ్డాయి. కోస్తా నుంచి వచ్చిన మా హెడ్మాస్టరు సావుకారి గడ్డం పట్టుకుని బతిమాలితే, వేరే చోటు దొరికేదాకా బస్తాలూ మేమూ కలిసి ఉండేటట్టు ఒప్పందం కుదిరింది. బస్తాలే మా బెంచీలు. ఆకలి మీదున్న పిల్లల్ని బుడ్డల (మా వైపు వేరుశనగ కాయల్ని అలాగే అంటాం) మీద కూర్చోబెట్టి లెక్కలు చెబితే ఏమవుతుందో అదే అయింది. వేలు పట్టేంత చిల్లి చాలు. తొక్కలు నేల మీద పడితే దొరికిపోతామని, మళ్లీ ఆ చిల్లిలోంచే లోపలికి తోసేవాళ్లం. శుభ్రత తెలిసిన పిల్లలం.

సరుకు మిల్లుకు పంపే రోజున హమాలీ ఊపిరి బిగబట్టి ఒక బస్తా ఎత్తాడు. అది తలగడలా పైకి లేచింది, ఆయన వెల్లకిలా పడ్డాడు. సావుకారి బస్తా మూతి విప్పి చూసి, "ఎవురప్పా తినింది?" అని అరిచాడు. "మా పిల్లలు అలాంటివాళ్లు కారండీ" అంటూ హెడ్మాస్టరు చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగారు. దాంతోపాటు గుప్పెడు తొక్కలు రాలాయి.

"రేపట్నుంచి ఈడ బడి లేదు, పోండి!" అన్నాడు సావుకారి. నాకు ఏడుపు ఆగలేదు. బండి తోలుకొచ్చిన మా నాయన నన్ను చూశాడు, తర్వాత సావుకారిని చూశాడు.

"ఏమన్నా, బడి మూసేస్తే ఈళ్లు యాడికి పోతారు? మా సేన్లలోకే గదా. ఈడ కాయలే తింటాండారు. ఆడైతే పిందె గూడా మిగలనియ్యరు. ఇంక నీకు మూట యాడ్నుంచి వస్తాది?"

సావుకారి చాలాసేపు మా నోళ్లవైపే చూశాడు. చివరికి, "గోడౌనెనక బీడు ఉండాది, తీసుకోండప్పా. నా బుడ్డలు నాకు ఇడిస్తే చాలు" అన్నాడు. ఊరంతా కలిసి రాళ్లు తోలి, ఆ బీట్లో గోడలు లేపారు. (శిలాఫలకం మీద మాత్రం 'విద్యాభిమానంతో' అని చెక్కించారు.)

మొన్న బడి పండగకు పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, వేయించిన బుడ్డలు చేతిలో పెట్టారు. "తినవ్వా, బాగుండాయి" అంది పక్కనున్న చిన్నపిల్ల. నవ్వొచ్చింది. ఆ బడిని కట్టిన పళ్లు ఇప్పుడు నా నోట్లో ఒక్కటీ లేవు.