పద్నాలుగు పొట్లాలైన మందుల చీటీ

నేను జైలుకు పోవాల్సిన మనిషిని. ఈ రోజు సిద్దిపేటలో, మా వాకిట్లో కుర్చీ వేసుకుని తీరిగ్గా ఇది రాస్తున్నానంటే అది నా తెలివి గొప్పతనం కాదు. అసలు ఆ ముప్పు తెచ్చిందే నా తెలివి. తెలివిలేని వాళ్లెవరూ స్కేలు పెట్టి కొలిచి మరీ తమ మెడకు తాడు పేనుకోలేరు.

చేనేత సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు నూలు లెక్కలు రాశాను. ఎవరికి ఎన్ని చిలపల నూలు ఇచ్చామో, ఎన్ని చీరలై తిరిగొచ్చాయో, ఒక్క పోగు తేడా రానివ్వలేదు. పనిలోంచి దిగిపోయాక లెక్కపెట్టడానికి నూలు లేదు కాబట్టి ఇంట్లో ఉన్నవన్నీ లెక్కపెడుతున్నాను. వంటగదిలో కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో కూడా నా డైరీలో ఉంటుంది. నవ్వకండి. నన్ను నిలువునా ముంచింది ఆ డైరీయే, జుట్టు పట్టి పైకి లాగింది కూడా ఆ డైరీయే.

నాలుగేళ్ల కిందట, అరవై ఆరో ఏట, మస్కట్‌లో ఉన్న మా బిడ్డ సరిత దగ్గరికి వెళ్లాను. వెళ్లిన పదకొండో రోజు, శనివారం, కింది దవడలో చివరి పన్ను సలపడం మొదలుపెట్టింది. సాయంత్రానికి అద్దంలో చూసుకుంటే, ఎవరికీ తెలియకుండా పూర్ణం ముద్ద బుగ్గలో పెట్టుకుని దొరికిపోయిన దానిలా ఉన్నాను. సరిత పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పన్ను పీకి, ఇరవై గోళీలు రాసిచ్చాడు.

"అమ్మా, గివి మామూలు గోళీలు గాదు. శాన గట్టి మందు. చీటీ లేకుంటే ఎవ్వరు అమ్మరు," అంది సరిత.

నిజమే. మొదటి గోళి 8.10కి వేసుకున్నాను, 8.40కి నొప్పి పోయింది. డైరీలో రాసుకున్నాను. అక్కడితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. మా పక్కింటి సత్తెమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"అరగంటల్నే తగ్గిందా వదినె?"

"ముప్పై నిమిషాలు. గడియారం సూసి చెప్తున్న."

"అయితే నా మోకాళ్లకు ఆరు గోళీలు పట్టుకరా. గల్ఫ్ పోయినోళ్లు సబ్బులు, అత్తర్లు తెస్తరు. నాకవేం వద్దు. గా గోళీలు చాలు."

మా దగ్గర గల్ఫ్ నుంచి ఉత్త చేతులతో దిగిన మనిషికి వాడకట్టులో చాయ్ కూడా పుట్టదు. మర్నాటికి నర్సవ్వ నడుము, బాలమణి మెడ కూడా ఫోన్‌లోకి వచ్చాయి. నేను ఆరు గోళీలు వాడేసరికి నొప్పి తగ్గింది. పద్నాలుగు మిగిలాయి. డైరీ తీసి రాశాను: సత్తెమ్మకు 6, నర్సవ్వకు 4, బాలమణికి 3, నాకు 1. మొత్తం 14. కింద రెండు గీతలు కొట్టాను. లెక్క సరిపోయినప్పుడు కలిగే సుఖం ఉంది చూశారూ, ఆ సుఖంలో మనిషికి కళ్లు కనపడవు.

బయలుదేరే రోజు సరిత పదేపదే చెప్పింది.

"గోళీలు డబ్బాలనే ఉండనియ్యి. చీటీ పైలం. ఎయిర్‌పోర్టుల అడిగితే సూపియ్యాలె."

"నాకు చెప్తున్నవా? ముప్పై ఒక్క ఏండ్లు కాయితాలు దాసిన మనిషికి?"

ఆమె డ్యూటీకి పోగానే నేను ఆలోచించాను. గోళీలు ఒకే డబ్బాలో ఉంటే ఊళ్లో మళ్లీ ఎవరు పంచుతారు? మా చిన్నప్పుడు కాంపౌండరు పూటకో పొట్లం కట్టి ఇచ్చేవాడు. అంతకన్నా పద్ధతైన పని లోకంలో లేదు. అయితే పొట్లాలకు కాగితం కావాలి. డైరీలో పేజీ చింపితే లెక్క చింపినట్టే. ఆ ఇంట్లో క్యాలెండరు కూడా ఫోన్‌లోనే ఉంటుంది. ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్కటే: తెల్లగా, దళసరిగా, నున్నగా ఉన్న డాక్టరు చీటీ.

అబద్ధం ఎందుకు, మూడు నిమిషాలు వెనకాడాను. ఆ తర్వాత ఆ చీటీని అక్షరం వదలకుండా డైరీలోకి ఎక్కించాను. నకలు భద్రంగా ఉన్నప్పుడు అసలుతో పనేముంది? స్కేలు పెట్టి అడ్డం రెండు, నిలువు ఏడు, సమానంగా పద్నాలుగు ముక్కలు కోశాను. ఎర్ర పెన్నుతో ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేశాను. ముక్కకో గోళి పెట్టి మడిచాను. డబ్బాను నా చేతులతోనే చెత్తబుట్టలో వేశాను. ఆ పొట్లాల వరుస చూసి నాకు నేనే ముచ్చటపడ్డాను.

విమానంలో నా పక్క సీటు రాజయ్యది. నారాయణరావుపేట మనిషి, మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తాడు. కూర్చున్నప్పటి నుంచి నడుము పట్టుకుని మూలుగుతున్నాడు. పాపం అనిపించి నా వంతు పొట్లం, పద్నాలుగో నంబరుది, ఇచ్చాను. డైరీలో రాశాను. అరగంటకు ఆయన నడుము నెమ్మదించింది. నోరు లేచింది.

"అవ్వా, గీ గోళీలతోని పైలం. మా క్యాంపుల ఒకాయన గిట్లనే నొప్పి గోళీలు పట్టుకపోతుంటె పట్టుకున్నరు."

"చీటీ లేకనా?"

"ఉన్నదట. సక్కగ లేదట."

"సక్కగ లేదంటే? నలిగిందా?"

"ఏమో. అడుగుదామంటే ఆయన మల్ల రాలే."

పీకిన పన్ను జాగాలో మళ్లీ సలపరం మొదలైంది. నలిగితేనే మనిషి మళ్లీ రాకపోతే, పద్నాలుగు ముక్కలు చేసినదాని గతేమిటి? గాలిలో ఉన్న విమానంలోంచి దిగిపోవడానికి దారి ఉందా అని నిజంగా అటూ ఇటూ చూశాను.

హైదరాబాదులో దిగాక సంచీని రెండు చేతులతో గుండెకు అదుముకుని, కస్టమ్స్ బల్ల ముందు నుంచి ఎవరి వైపూ చూడకుండా నడిచాను. అందుకే అందరూ నన్నే చూశారు. ఒక ఆఫీసరు దగ్గరికి వచ్చాడు.

"ఏమైందమ్మా, గింత చెమట పడుతుంది? నీళ్లు కావాల్నా?"

"పదమూడు!" అన్నాను.

ఆయన అడిగింది మంచినీళ్లు. నేను ఇచ్చింది వాంగ్మూలం.

అయిదు నిమిషాల్లో నేను ఒక గదిలో ఉన్నాను. బల్ల మీద పదమూడు తెల్ల పొట్లాలు, పక్కన నా డైరీ. ఎదురుగా ఒక పెద్ద ఆఫీసరమ్మ. డైరీ తెరిచి చదవసాగింది.

"సత్తెమ్మకు ఆరు, నర్సవ్వకు నాలుగు, బాలమణికి మూడు. ఎవరమ్మా వీళ్లంతా?"

"మా వాడకట్టోళ్లు మేడమ్. ఒకలకు మోకాళ్లు, ఒకలకు నడుం, ఒకలకు మెడ."

"ఈ రాజయ్య?"

"విమానంల ఇచ్చిన."

"అంటే పంచుడు ఆకాశంలనే మొదలైంది."

"ఒక్కటే మేడమ్! అది నా వంతుదే!"

"డాక్టర్ చీటీ ఉందా?"

"ఉన్నది," అని డైరీ పేజీ తిప్పి చూపించాను.

"ఇది మీ చేతిరాత కదా?"

"నాదే. నకలు. అక్షరం పొల్లు పోలేదు."

"మరి ఈ సంతకం?"

"అది గూడ నేనే చేసిన. అచ్చం డాక్టర్ చేసినట్టే ఉంటది మేడమ్."

ఆఫీసరమ్మ ముఖం చూశాక గానీ నేనేం చెప్పానో నాకు అర్థం కాలేదు. గోళీల కేసులో వచ్చి దొంగ సంతకం కేసును కూడా నా చేతులతోనే కలిపాను. నాకు కళ్ల ముందు జైలు కనపడింది. అక్కడ పొద్దున, సాయంత్రం మనుషులను నిలబెట్టి లెక్కపెడతారట. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కపెట్టిన నేను ఇక లెక్కలో ఒక అంకెనవుతాను. పేపర్లో ఫొటో వేస్తారు. అదీ ఇంకా వాపు పూర్తిగా తీయని ఈ బుగ్గతో.

"అసలు చీటీ యాడుందమ్మా?" ఆమె గొంతు గట్టిపడింది.

"మీ ముంగటనే ఉన్నది మేడమ్," అని పొట్లాలు చూపించి ఏడ్చేశాను.

ఇద్దరు ఆఫీసర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కో పొట్లం విప్పి గోళీని పక్కన పెట్టారు. నేను కళ్లు తుడుచుకుంటూనే ఎర్ర అంకెల వరుసలో ముక్కలు పేర్చాను. ఒకటి పక్కన రెండు, మూడు పక్కన నాలుగు. నా పేరు వచ్చింది, మందు పేరు వచ్చింది, ఇరవై అనే అంకె వచ్చింది. కింది కుడి మూల మాత్రం ఖాళీ. డాక్టరు సంతకం, ముద్ర ఉండాల్సిన జాగా అదే. పద్నాలుగో నంబరు.

సామాన్ల కోసం ఎదురుచూస్తున్న రాజయ్యను పట్టుకొచ్చారు. గదిలోకి వస్తూనే ఆయన చేతులు జోడించాడు.

"సార్, గీ అవ్వెవరో నాకు తెల్వనే తెల్వది!"

"నడుం తగ్గిందా రాజయ్యా?" అని అడిగాను.

"మస్తు తగ్గిందవ్వా, ఒక్క గోళితోనే..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఆ పొట్లం కాయితం ఏది?" అంది ఆఫీసరమ్మ.

రాజయ్య సిగ్గుపడుతూ చెవి వెనకనుంచి సన్నటి పుల్ల తీశాడు. దారంతా చెవిలో తిప్పుకోవడానికి ఆ కాగితాన్ని పుల్లలా చుట్టుకున్నాడు. దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మొదటి ఆఫీసరు రెండు పెన్నులతో విప్పాడు. లోపల సంతకం, నీలం ముద్ర చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆఫీసరమ్మ డైరీ మళ్లీ తిప్పింది. నేను వేసుకున్న ఆరు గోళీల్లో ఏది ఎన్నింటికి వేసుకున్నానో, ఎన్ని నిమిషాలకు నొప్పి తగ్గిందో అన్నీ లెక్కలు. "వాపు చిటికెన వేలంత తగ్గింది" అన్న చోట ఆమె పెదవి మొదటిసారి కదిలింది. ఇరవైలో ఆరు నావి, ఒకటి రాజయ్యది, పదమూడు బల్ల మీద. పోగు తేడా లేదు.

"మీ మందు మీరు తెచ్చుకోవచ్చమ్మా. డబ్బాతోని, చీటీతోని. పంచుడు మాత్రం తప్పు. ఇయ్యి ఈడనే ఉంటయ్. మీరు ఇంటికి పోండి."

పోవచ్చు కదా? తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు.

"మేడమ్, పదమూడు ముట్టినట్టు రసీదు?"

మొదటి ఆఫీసరు కళ్లు మూసుకున్నాడు. ఆమె మాత్రం రాసిచ్చింది. పదమూడును అక్షరాల్లో కూడా రాయమనే మాట గొంతు దాకా వచ్చింది, మింగేశాను.

ఇంటికి చేరిన మర్నాడు సత్తెమ్మ వచ్చింది. డైరీలో "సత్తెమ్మకు 6" అని ఉంది కదా, రాసిన పద్దు కొట్టేయడం నాకు రాదు. సరిత పెట్టిన ఖర్జూరాల్లోంచి ఆరు లెక్కపెట్టి చేతిలో పెట్టాను.

"గోళీలు గాడ గుంజుకున్నరు. గివి తీస్కో."

సత్తెమ్మ నా వైపు అదోలా చూసి కన్ను కొట్టి వెళ్లిపోయింది. నాలుగో రోజు మళ్లీ వచ్చింది. గడప దగ్గర ఆగలేదు, చెంగున ఎక్కింది.

"నీ తెలివి తెలివే వదినె! పండ్లల్ల పెట్టి తెచ్చినవ్ సూడు! పొద్దుకొకటి, మాపుకొకటి మింగిన. మోకాళ్లు అల్కగైనయ్. గోళి జర పొడుగున్నది, గొంతు దిగుడే కష్టమైతుంది. ఇంకో ఆరు ఇయ్యి."

ఆరు ఖర్జూరపు గింజలు! నేను లేచి ముందు వీధి తలుపు వేశాను. ఎవరైనా ఆఫీసరు విన్నాడేమోనని కిటికీలోంచి రెండు వైపులా చూశాను. ఆ తర్వాత డైరీ తీసి, తూర్పు వైపు తిరిగి కూర్చుని, ఇలా రాశాను:

"ఇకమీదట నా గోళి నేనే మింగుతాను. ఎవరి మోకాళ్లు వారివే. బతికున్నంత కాలం డాక్టరు చీటీకి కత్తెర తగలనివ్వను. సంతకం: నాదే. నకలు కాదు."