తలుపును కచేరికి తెప్పించిన వకీలు సాబ్

వికారాబాద్ వకీలు సాబ్ పోయారు. ఈ మాట నాకు మొన్న ధారూర్ స్టేషన్‌లో బండి కోసం నిలబడి ఉండగా, కోర్టు కచేరిలో పనిచేసే ఒకాయన చెప్పాడు. "నిద్రలనే పోయిండు టీచరమ్మా, ఎవ్వర్ని తిప్పల పెట్టలే" అన్నాడు. తాండూరు దాకా కిటికీ వైపు మొహం పెట్టుకొని ఏడ్చాను. నా సొంత మేనమామ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు, నిజం చెప్పడానికి సిగ్గెందుకు! ఇంటికొచ్చి చెబితే అమ్మ లేచి తలస్నానం చేసింది, తోబుట్టువు పోతే చేసినట్టు.

ఆయన మాకు చుట్టం కాదు. మా అమ్మ పరువు నిలబెట్టిన మనిషి.

అప్పటికి నాన్న పోయి రెండేళ్లు. అమ్మ బండల గనుల్లో పనిచేసేవాళ్లకు జొన్నరొట్టెలు చేసి పెట్టేది. ఒకరోజు పట్టపగలు, పెనం మీద రొట్టె ఉండగానే, ఊరికి కొత్తయిన పోలీసులు కొందరు ఇంట్లో జొరబడ్డారు. నాటుసారా ఎక్కడ దాచావని గద్దించారు. జొన్నల గుమ్మి కుమ్మరించారు, నేల మీది బండలు గడ్డపారతో లేపారు. చుక్క సారా దొరకలేదు. లేపిన బండలు అలాగే వదిలేసి వెళ్లిపోయారు.

వాళ్లు వెతుకుతున్నది పై వాడకట్టులోని ఒక సారా వ్యాపారి ఇల్లు. అతను ఇల్లు కొత్తగా కట్టుకుంటూ పాత తలుపు అమ్మితే మా నాన్న కొన్నాడు. దాని మీద తారుతో రాసిన ఆ ఇంటి నంబరు అలాగే ఉంది. తుడిపేయొచ్చు కదా అంటారా? సర్కారు రాత తుడిపితే జైల్లో వేస్తారని అమ్మ భయం. పండుగకు తలుపుకు రంగు వేసినా నంబరు వదిలి చుట్టూ వేసేది, పైగా నాతో దానికి బొట్టు పెట్టించేది!

బండలు లేచిపోయినందుకు అమ్మ ఏడవలేదు. "నిప్పు లేంది పొగ వస్తదా" అని ఆడవాళ్లు గుసగుసలాడినందుకు ఏడ్చింది. వాడకట్టులో ఒక్కరూ మా గడప తొక్కడం లేదు. అమ్మను 'సారా ఇంటామె' అనడం మొదలుపెట్టారు.

నన్ను వెంటబెట్టుకొని వికారాబాద్ పోయింది. వకీలు సాబ్ ముందు కూర్చొని ఆ పోలీసులను ఏడు తరాల దాకా తిట్టింది. ఆయన సాసర్లో చాయ్ పోసుకొని ఊదుకుంటూ అంతా విన్నారు.

"అయిపోయిందా చెల్లె? ఇగ తిట్లు తీసేసి మల్లొకసారి చెప్పు."

చెప్పింది. "జర సూడు, ఇంక రెండు మిగిలినయ్" అన్నారు. మూడోసారికి ఐదు మాటలే మిగిలాయి. వాటినే అప్పటి కచేరి భాష ఉర్దూలో రాసి, తెలుగులో చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర వేయించుకున్నారు. ఎంత రద్దీ ఉన్నా ఎవరికైనా అంతే. తోటి వకీళ్లు నవ్వితే నవ్వనిచ్చేవారు. "సమజ్ గాని కాయిదం మీద ఏలు పెట్టుడంటే పాముపుట్టల ఏలు పెట్టుడే బిడ్డా" అని నాతో అన్నారు.

"పోలీసోళ్ల మీద గెలుస్తమా సారూ?" అంది అమ్మ.

"గెలుసుడు జడ్జి సాబ్ చేతిల ఉన్నది. అడుగుడు మన చేతిల ఉన్నది. ఫికర్ చెయ్యకు. లేపిన బండలు మాత్రం గట్లనే ఉండనియ్యి."

ఏడు నెలలు ఆ గుంతల మధ్యే వండుకొని తిన్నాం. ఎన్నిసార్లు బోర్లా పడ్డానో! వాయిదాకు తలుపు కూడా తెమ్మంటే, దాన్ని ఊడదీసి రైల్లో తీసుకుపోయాం. "గీ తలుపు ఏడికమ్మా?" అని గార్డు అడిగితే, "మా సాక్షి సారూ" అంది అమ్మ.

తలుపు మీది నంబరు వారెంటులోని నంబరుతో సరిపోయింది కాబట్టి తప్పేమీ లేదని పోలీసుల తరఫు వకీలు వాదించాడు. మా వకీలు సాబ్ గొంతు పెంచలేదు. వారెంటు మొత్తం చదివించారు. అందులో ఒక మగమనిషి పేరు, పై వాడకట్టు పేరు స్పష్టంగా ఉన్నాయి.

"హుజూర్, సదువురాని గీమె సర్కారు రాతకు బొట్టు పెట్టింది. సదువొచ్చినోళ్లు సర్కారు కాయిదం సగమే సదివిండ్రు" అన్నారు. జడ్జి గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

తనిఖీ తప్పని, ఇంటామె మీద ఏ మచ్చా లేదని, బండలు సర్కారు ఖర్చుతో పరిపించాలని తీర్పు వచ్చింది. అమ్మ మొహం మాత్రం విప్పారలేదు. "గీడ అన్నరు, మంచిదే. మా వాడకట్టుకు ఎట్ల ఎరుకైతది సారూ?" అంది.

ఆదివారం నాడు ఆయన తీర్పు నకలు పట్టుకొని తాండూరు వచ్చారు. నడి ఎండలో మా అరుగు మీద నిలబడి తెలుగులో గట్టిగా చదివారు. ఒక్కొక్కరే బయటికి వచ్చి నిలబడ్డారు. మధ్యలో అమ్మ పూర్తి పేరు వచ్చింది. నాన్న పోయాక ఆ పేరు ఎవరి నోటా వినలేదు నేను.

"అన్నా, నా పేరున్నకాడ మల్లొకసారి సదువుండ్రి" అంది అమ్మ.

ఆయన అద్దాలు తుడుచుకొని మళ్లీ చదివారు. ఎదురింటి ముసలమ్మ చెంబుతో నీళ్లు పట్టుకొని మా అరుగెక్కింది. "నాకు సరిగ వినబడలే అయ్యా, గామె పేరేంది?" అంది. ఆయన నీళ్లు తాగి, మూతి తుడుచుకొని, ఆమె చెవి దగ్గరికి వంగి మూడోసారి చదవడం మొదలుపెట్టారు.