ఎడమ కాలి బూటు

దెయ్యాల కబుర్లు మొదలెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. పిల్లలకి హిందీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. అలాంటివి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా మా అమ్మకి జరిగింది ఎవరికీ చెప్పకుండా ఉండడం నావల్ల కావడం లేదు.

ఎనభైల మొదట్లో మాట. పాలకొల్లు దగ్గర కాలవగట్టున మా ఇల్లు. నాన్న వేటకెళ్ళి సముద్రంలో పోయాక, అమ్మ చేపల తట్ట నెత్తినెత్తుకుని మమ్మల్ని పెంచింది. అన్నయ్య అప్పారావు మిలిటరీలో చేరి ఉత్తరాదిలో ఉండేవాడు. నేను కాలేజీలో చదివేదాన్ని.

మా ఇంట్లో మగాడు వేట నుంచి రాగానే ఆడవాళ్ళు గుమ్మంలో కాళ్ళమీద నీళ్ళు పోసేవారు. ఆ తర్వాతే లోపలికి. అన్నయ్య సెలవుకొచ్చినా అమ్మ అలాగే పోసేది. ఆవిడ లెక్కలో మిలిటరీ కూడా వేటే.

ఆ ఏడు ఉగాది మర్నాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ మొహం వెలిగిపోతోంది. మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడట. అంత ఎండలోనూ యూనిఫాం తడిసి ముద్దయి ఉందట. కాళ్ళమీద నీళ్ళు పోస్తూ, "ఎడమ కాలి బూటేదిరా?" అని అడిగితే పలకలేదట. అన్నం వడ్డించుకొచ్చేసరికి మనిషి లేడు. స్నేహితుల దగ్గరికి వెళ్ళుంటాడులే అనుకుంది. కంచంలో పులుసన్నం అలాగే ఉంది. మళ్ళీ రాలేదు.

కొన్ని వారాలకి ఎర్ర టోపీ పెట్టుకున్న మిలిటరీ పోలీసు సుబేదారు గారొకరు వచ్చారు. ఉగాదికి ముందే అన్నయ్య క్యాంపులోంచి మాయమయ్యాడని, పారిపోయాడని రాసుకున్నారని చెప్పారు. ఆయనకి తెలుగు రాదు, నా హిందీయే దిక్కు. చుట్టుపక్కలవాళ్ళు "రాలేదని చెప్పవే" అని అమ్మకి ఒకటే సైగలు. అమ్మ వింటేనా! కొడుకు వచ్చాడని, కాళ్ళు కడిగానని, ఒంటి బూటుతో సహా పూసగుచ్చినట్టు చెప్పి వేలిముద్ర వేసింది. దాంతో అన్నయ్య పిరికివాడైపోయాడు. మేం వీధిలో తలెత్తుకోలేకపోయాం.

వానలు పడ్డాక ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి తన బూట్లు బయటే విప్పారు. చావు కబురు తెచ్చారని అది చూడగానే నాకు అర్థమైంది.

అన్నయ్య పారిపోలేదు. తోటి సిపాయి ఒకడు క్యాంపు డీజిలు దొంగతనంగా అమ్ముకుంటుంటే చూసి, పైవాళ్ళకి చెబుతానన్నాడు. వాడు అన్నయ్యని తలమీద కొట్టి పాడుబడ్డ బావిలో పడేశాడు. ఉగాదికి నాలుగు రోజుల ముందే.

"ఒంటి బూటుతో అంత దూరం ఎవరొస్తారని అనుమానం వచ్చింది. ఎడమ బూటు కోసం క్యాంపంతా వెతికించాను. బావి పక్క తుప్పల్లో దొరికింది. మీ అబ్బాయి ఆ బావి నీళ్ళలో ఉన్నాడు" అన్నారు సుబేదారు గారు.

కానీ చచ్చాడంటున్న రోజు తర్వాత కన్నతల్లే కొడుకుని చూసిందిగా అని, సైనిక కోర్టులో ఆ సిపాయి తరఫువాళ్ళు వాదిస్తున్నారట. అమ్మ మాట నిలబడితే వాడు తప్పించుకుంటాడు.

"కల కన్నానని చెప్పమ్మా, చాలు" అన్నారాయన తలొంచుకుని.

"కలకి ఎవరైనా కాళ్ళు కడుగుతారా బాబూ?" అంది అమ్మ.

తను నీళ్ళు పోసిన గుమ్మం వైపు చూసింది.

"వాడు రాలేదంటే, నా కొడుకుని చంపినోడికి శిక్ష పడుద్దాండి?"

పడుతుందన్నారు.

"అయితే రాలేదనే రాసుకోండి."

ఆ మాట నేను హిందీలో చెప్పకముందే, అమ్మ మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది. అమ్మ వేలు పట్టుకుని ముద్ర నేనే వేయించాను.

వాడికి శిక్ష పడింది. అన్నయ్య మీద నింద పోయింది. ఆ తర్వాత ఎవరడిగినా అమ్మ "మావోడు రాలేదండి" అనే చెప్పేది. నాతో కూడా అదే మాట.

ఆ బూటు సంగతి అమ్మకి ఎలా తెలిసిందో ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. దెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. మా అన్నయ్య దెయ్యం ఎందుకవుతాడు?

పోయేముందు అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"అమ్మాయ్, వాడు అంత దూరం నుంచి వస్తే నేను రాలేదన్నాను. వాడికి తెలిసుంటుందంటావా?"