సీతాబాయి కోరే మంచు

రాయదుర్గం మెట్రో మెట్ల కింద ఆపిల్ బండి పెట్టే సీతాబాయి ఒక్కో పండునూ కొంగుతో తుడిచి, ఎర్రటి వైపు జనానికి కనబడేలా పేరుస్తుంది. హైదరాబాద్ దాటి ఎరగని ఆ మనిషి, చలికాలం రాగానే హిమాచల్‌లో మంచు పడిందా అని అందరినీ అడుగుతుంది. మంచు బాగా కురిస్తేనే అక్కడి చెట్లు బాగా కాస్తాయని పండ్ల మార్కెట్‌లో విన్నప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. మనాలీకి టికెట్లు తీసుకున్న ఆఫీసు అమ్మాయి యశస్వినికీ మంచే కావాలి. పక్క భవనం గేటు దగ్గర కాపలా కాసే ప్రేమ్‌సింగ్‌ది అక్కడి కొండ ఊరే. ఈసారి మంచు మాట ఎత్తగానే అతడు మొహం ముడుచుకున్నాడు.

"కొండల పుట్టి మంచుకు భయపడ్తవా?" అంది సీతాబాయి.

"మీకు పండ్లు, ఆమెకు ఫొటోలు. మాకు రోడ్డు బంద్ అయితది అక్కా. ఊర్ల నా భార్యకు నెలలు నిండినయ్."

సీతాబాయి పండు తుడవడం ఆపేసింది. ఆ రోజు నుంచి మంచు సంగతి ఎవరినీ అడగలేదు. యశస్వినే ఫోన్ చూసుకుంటూ, "ఇంకా పడలేదు ఆంటీ," అని దిగులుపడితే, "జర ఆగనియ్ బిడ్డా, తొందరేంది?" అనేది.

శుక్రవారం పొద్దున ప్రేమ్‌సింగ్ నవ్వుకుంటూ వచ్చాడు. భార్యను ఎక్కించుకున్న జీపు కొండ దిగి దవాఖానకు చేరిందట, ఆడపిల్ల పుట్టిందట. సీతాబాయి బండిలో అన్నిటికన్నా పెద్ద పండు ఏరి అతడి చేతిలో పెట్టింది. అప్పుడే మెట్లు దిగుతున్న యశస్వినిని చెయ్యూపి పిలిచింది.

"ఇగ చూడు బిడ్డా నీ ఫోన్ల, ఎప్పుడు పడ్తదో."