మిరప చేతులతో నీహారిక చూసిన రోజు

నా ఉద్యోగమంతా నీహారికలతోనే గడిచింది. కానీ ఎనభైల్లో ప్రత్తిపాడు ఆడపిల్ల వాటి మీద పరిశోధన చేస్తానంటే, అది ఏ పంటకి పట్టే తెగులని అడిగినవాళ్ళున్నారు. నక్షత్రాల మధ్య పరుచుకున్న వాయువు, ధూళి అని చెప్పేదాన్ని. ధూళి కోసం అంతదూరం ఎందుకు, మన రోడ్డు మీద లేదా అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నాన్న మాత్రం ఒక్కటే అన్నాడు: "ఈ ఒక్క ఇంటర్వ్యూకి ఎళ్ళిరా. సీటు రాకపోతే నోరు మూసుకుని బి.ఇడి.లో చేరు."

ఇంటర్వ్యూ మార్చిలో పడింది. కల్లం నిండా మిరపకాయలు. బస్సు వేళ దాకా అమ్మ పక్కన కూర్చుని, ఎండిన ఎర్రకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరాను. చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుని, ఘాటు పోయిందనుకున్నాను.

మర్నాడు పరిశోధనశాలలో పెద్ద సైంటిస్టుగారు ఆకాశాన్ని ఫొటో తీసిన గాజుపలక బల్ల మీద పెట్టి, పైన భూతద్దం అమర్చారు. అందులో నీహారిక ఎంతవరకు ఉందో కాగితం మీద గీయమన్నారు. అద్దాన్ని వేళ్ళతో తిప్పి సరిచేసుకుని, కన్ను ఆనించకుండా కాస్త ఎడంగా చూశాను. బూడిదరంగు మీద బూడిదరంగు. తాలు ఏరిన కళ్ళకి అదేమంత కష్టం కాదు. గీసిచ్చాను.

"ఇంతదూరం లేదమ్మా. ఇది పలక మీద మచ్చ," అన్నారాయన.

"ఉందండి."

ఆయన వంగి అద్దానికి కన్ను ఆనించారు. మరుక్షణం "అబ్బా!" అంటూ వెనక్కి తగ్గారు.

"మిరప ఘాటండి. నా చేతిదే. నీళ్ళతో కడుక్కోండి," అన్నాను. ఆయన కుళాయి దగ్గరికి పరుగెత్తారు. బి.ఇడి. ఖాయమైపోయిందనుకున్నాను. అయినా నా గీత చెరపలేదు.

ఆయన తిరిగి రాగానే, "సార్, ఇదే చోటు తీసిన ఇంకో పలక చూడండి. మచ్చయితే అందులో ఉండదు," అన్నాను.

అద్దం తుడిపించి, బాగున్న కంటితో రెండో పలక చాలాసేపు చూశారు.

"ఉంది," అన్నారు చివరికి. "జూన్‌లో చేరమ్మా. మిరప సీజను కూడా అయిపోతుంది."

జూన్ దాకా ఆగితే నాన్న మనసు మారుతుందని నా భయం. "సోమవారమే చేరతానండి. ఇక కల్లంలోకి వెళ్ళను," అన్నాను.

అనేశాక, ఆ మిరపకాయల రాశి ముందు అమ్మ ఒక్కతే కూర్చున్నట్టు కనిపించింది. ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకోబోయి, చెయ్యి సగంలో ఆపేశాను.