గీతలు లేని ప్రతి

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది శీతాకాలంలో, మా ఆఫీసులో డ్రాయింగులు గీసే ఫిలిప్పీన్స్ అతను ఒక శనివారం నన్ను మేముంటున్న అరబ్బు ఊళ్లోనే గోడౌన్లుండే అల్ ఖూజ్ పేటకి తీసుకెళ్లాడు. "మీరు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నారుగా మేడమ్, ఒకసారి వినండి" అన్నాడు. టైర్ల గోడౌను పక్కగదిలో ఏడెనిమిది మంది నిలబడి లాటిన్‌లో ప్రార్థన పాడుతున్నారు. శ్రుతిపెట్టె లేదు, తాళం లేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

నేర్పేది ఫ్రాన్సు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ. నా చేతికో కాగితం ఇచ్చారు. వెయ్యేళ్ల నాటి వ్రాతప్రతికి ఫొటో అది. మాటల నెత్తిన చుక్కలు, కొక్కేలు, సన్నటి వంపులు.

"ఇందులో మొదటి స్వరం ఏది?" అని అడిగాను.

"అది రాయలేదు. గొంతు ఎక్కాలో దిగాలో చెబుతుంది, ఎంతో చెప్పదు."

"మరి రానివాళ్లు ఎలా పాడాలి?"

"రానివాళ్ల కోసం రాయలేదమ్మా. కంఠతా వచ్చినవాళ్లు మరిచిపోకుండా రాసుకున్నారు."

కాకినాడలో నాకు సంగీతం చెప్పిన పంతులమ్మగారు పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. అందుకే కాబోలు ఆ మాట నన్ను పట్టుకుంది. ప్రతి శనివారం వెళ్లాను. గొంతులో గమకం దూరినప్పుడల్లా ఆవిడ చెయ్యెత్తి ఆపేవారు.

ఆ వ్రాతప్రతి తర్వాత రెండు వందల ఏళ్లకి ఎవరో అదే పాటను నాలుగు గీతల మీద, స్వరస్థానాలతో రాశారట. మేం పాడేది ఆ ప్రతిని బట్టే. ఒకరోజు రెండింటినీ భోజనాల బల్ల మీద పక్కపక్కన పరిచాను.

"గుడికి రమ్మంటే తీరికుండదు, ఈ లాటిన్ పాటలెందుకే మనకి?" అన్నారు మా ఆయన.

"ఆ కాలంవాళ్లు ఎలా పాడేవారో తెలుసుకోవాలనుందండీ, అంతే."

ఆయన సివిల్ ఇంజనీరు. పాత డ్రాయింగుకీ కొత్తదానికీ తేడాలు పట్టడమే ఉద్యోగం. కాసేపు వంగి చూసి, ఒక మాట మీద వేలు పెట్టారు. "పాతదాంట్లో పైకి ఎక్కిందిగా? ఇందులో చదునుగా ఉందేంటి? డ్రాయింగయితే సైటుకి పంపనిచ్చేవాణ్ణి కాదు."

నిజమే. నెలల తరబడి పాడుతూ నేను చూడనే లేదు.

శనివారం భయపడుతూనే చూపించాను. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని రెండు విధాలుగానూ మెల్లగా పాడుకున్నారు. "ఇరవై ఏళ్లుగా పాడుతున్నాను, నా కంట పడలేదు. నువ్వు పట్టావా?"

"మా ఆయన. పాడటం రాదాయనకి."

ఆవిడ పకపకా నవ్వారు.

"అయితే తప్పు పాడుతున్నామా?"

"ఏమో. మధ్యలో పాటే మారిందేమో. పాతది పాడి చూద్దాం."

అందరూ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. ఆ మాట దగ్గర స్వరం ఎక్కగానే పాట ఒళ్లు విరుచుకున్నట్టయింది. మా ఆఫీసతను మాత్రం అలవాటుకొద్దీ రెండుసార్లు కిందే ఉండిపోయాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆయన కాస్త గర్వంగానే, "మిగతా పేజీలేవీ?" అన్నారు.