బావ ఎంచిన సైలెన్సర్

మొన్న ఒక సాయంత్రం నాగోల్ వైపు నుంచి వస్తూ ఉప్పల్ దగ్గర ఆగిపోయాను. రోడ్డు పక్క ఖాళీ జాగాలో జనం గుమిగూడి, సెల్‌ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. ఏదో గొడవనుకుని తొంగి చూస్తే, నేలమీద వరసగా పరిచిన బండి సైలెన్సర్ల మీంచి పోలీసులు రోడ్డు రోలర్ నడిపిస్తున్నారు. పొట్టివి, పొడుగువి, నల్లవి, తళతళలాడేవి, రకరకాలు. ఒక్కొక్కటీ అప్పడంలా అణిగిపోతుంటే జనం ఈలలు వేస్తున్నారు. "మంచి పని జేస్తున్రు, సెవులు పలిగిపోతున్నయి వీళ్ళతోని" అన్నాడు పక్కనున్న పెద్దాయన. నిజమే కాబట్టి తల ఊపాను. కానీ ఆ వరసలో చివర వెడల్పుగా, పొడవునా వెల్డింగ్ గీతతో ఒక గొట్టం కనబడింది చూడండి, జనాన్ని తోసుకుని ముందుకు పోయాను. అచ్చం అలాంటి గొట్టాన్ని నేను ఏడేళ్ళు బండికి తగిలించుకు తిరిగాను. అది నేను ఎంచుకున్నది కాదు, మా బావ ఎంచింది. ఎందుకెంచాడో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

అసలు ఆ పేరులోనే తిరకాసు ఉంది. పేరేమో సైలెన్సర్. మేం దుకాణాలకు పోయి అడిగేదేమో "అన్నా, మస్తు సప్పుడు జేసే సైలెన్సరున్నదా?" అని. అడిగేవాడికీ నవ్వు రాదు, ఇచ్చేవాడికీ రాదు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో సీసా మూతలు పోసే కంపెనీలో పడ్డాను. పొద్దస్తమానం మూతలను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, చిల్లుందా లేదా చూడటం నా పని. మనిషన్నవాడికి ఆ పనిలో పిచ్చెక్కకుండా ఎట్లా ఉంటుంది? ఉద్యోగం మీద నిలకడ లేదు, గది మీద లేదు, తిండి మీద లేదు. రెండేళ్ళలో నాలుగు గదులు మారాను. మా అక్క నన్ను "కాలు కాలిన పిల్లి" అనేది, పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు కాలు చల్లారుతుందని కూడా కలిపేది. ఆ తిక్కలోనే ఒక పాత క్రూయిజర్ బండి కొన్నాను. కాళ్ళు ముందుకు చాపుకుని, వెనక్కి వాలి, దొరలాగా నడిపే బండి. ఆదివారం వస్తే మేడిపల్లి, నారపల్లి దాటి వరంగల్ రోడ్డున పోయేవాణ్ణి. ఎక్కడికంటే ఎక్కడికీ కాదు. ఎక్కడో ఒకచోట చాయ్ తాగి, తాగిన చాయ్ నచ్చక, తిరిగొచ్చేవాణ్ణి. అన్నీ బాగున్నాయి గానీ బండి గొంతే బాగాలేదు. ఆకారం ఏనుగుది, అరుపు మేకపిల్లది. కంపెనీ సైలెన్సర్ పీకేసి మంచిది బిగించుకుంటే తప్ప నా బతుకు బాగుపడదని గట్టిగా నమ్మాను.

ఇక అలాంటి పనికి మా బావను మించిన మనిషి లేడు. అక్కావాళ్ళది ఉప్పల్‌లో రెండు గదుల ఇల్లు. బావ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డులో డై సెట్టర్, అంటే ప్రెస్సులకు అచ్చులు బిగించి సరిచూసే మనిషి. అక్కడ ఎనిమిది పవర్ ప్రెస్సులుండేవి. మనిషి రేకు పెట్టి పెడల్ తొక్కుతాడు, పైనుంచి ఇనుప దిమ్మ దభీమని దిగి రేకును గిన్నెలాగా వంచి పైకి పోతుంది. ఒక్క తొక్కుకు ఒక్క దెబ్బ పడాలి. లోపల క్లచ్చు తాళం అరిగితే మాత్రం తొక్కకుండానే రెండో దెబ్బ పడుతుంది. అప్పటికి మనిషి చేతులు రేకు తీయడానికి లోపల ఉంటాయి. ఆ తాళం అరిగేటప్పుడు 'టిక్' అని సన్నటి చప్పుడు వస్తుందట. ఎనిమిది ప్రెస్సుల హోరులో ఆ టిక్కును పట్టేది బావ ఒక్కడే. చెయ్యెత్తి "ఆపుండ్రి!" అనేవాడు, విప్పి చూస్తే తాళం అరిగే ఉండేది. ఆ షెడ్డులో పది వేళ్ళూ ఉన్న పాత మనిషి కూడా ఆయనొక్కడే. అంటే ఎనిమిది మంది వేళ్ళు ఆయన చెవి మీద ఆధారపడి ఉన్నాయన్నమాట. ఆ చెవే సన్నగిల్లుతోందని ఎవరికీ తెలియని ఏడాది అది.

మాకెందుకు తెలియలేదంటే, బావ మాట అంత పదును. పెళ్ళిలో మా పెదనాన్న గంటసేపు తన పొలం గొప్పలు చెప్తే, అంతా విని "ఏమన్నరు మామా?" అన్న మనిషి. ఆయన పలకకపోతే ఎగతాళి అనుకునేవాళ్ళం, రెండోసారి అడిగించుకుంటే బెట్టు అనుకునేవాళ్ళం. అక్క అయితే వంటింట్లోంచి నాలుగుసార్లు పిలిచి, "సెవిటోని ముందట శంఖమూదినట్టే ఉన్నది నీతోని" అని విసుక్కునేది. ఆయన నవ్వేవాడు.

మూడు ఆదివారాలు తిరిగాం. మొదటిది ఉప్పల్‌లో అద్దాల దుకాణం. ఆ యజమాని ఒక పొడుగాటి గొట్టం బిగించి, బండి స్టార్ట్ చేశాడు. ఎంత బాగుందనుకున్నారు! మెత్తగా, లోతుగా, కడుపులోంచి వచ్చే మాటలా ఉంది. నేను అక్కడికక్కడే మనసిచ్చేశాను. బావ రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని ఆ గొట్టాన్నే చూస్తూ, "బిగిచ్చుడైంది గద, ఇంగ స్టార్ట్ జెయ్యి" అన్నాడు. బండి నడుస్తూనే ఉంది. దుకాణమంతా ఘొల్లుమంది. యజమాని మొహం మాడిపోయింది. "బావా, నువ్వు మామూలోనివి గాదు!" అని నేను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. బావ మా అందరి మొహాలూ చూసి, మా తర్వాత కొంచెం ఆగి, తనూ నవ్వాడు. ఆ ఆగడం నాకు కనబడింది గానీ ఎక్కలేదు. పైగా, బావ తీసిపారేశాడు కదా అని ఆ గొట్టం వదిలేసి, ఆ మాటను కంపెనీలో నలుగురికీ చెప్పి నవ్వించాను కూడా.

రెండో ఆదివారం రామంతాపూర్‌లో ఇంకో రెండు గొట్టాలు చూశాం. వాటికి కూడా బావ పెదవి విరిచి, "ఊపిరి లేదు" అన్నాడు. నాకేమో తొందర, నిద్రలో కూడా గొట్టాలే. మూడో ఆదివారం నాచారంలో ఒక భాయ్ దగ్గరికి పోయాం. సైలెన్సర్లు కోసి, అతికించి, తన చేత్తో తయారుచేసే ముసలాయన. వెడల్పాటి గొట్టం ఒకటి తీసి, "అన్నా, గీ లోపటి జాలి తీసేస్తే జోర్‌దార్ కొడ్తది. కాని మల్ల గల్లీల తిట్లు పడ్తయి, నాకు జెప్పొద్దు" అన్నాడు. చప్పుడును వడగట్టే జాలి అది. తీసేసి స్టార్ట్ చేస్తే రేకుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. నా పళ్ళు జిల్లుమన్నాయి. భాయ్ రెండు చెవులూ మూసుకున్నాడు. బావ మొహం మాత్రం పండగలా వెలిగిపోయింది. "ఆఁ! గిదీ బండంటే! పాణమున్నది దీంట్ల. ఇదే బిగిచ్చు భాయ్" అన్నాడు. నాకు సుతరామూ నచ్చలేదు. కానీ బావ చెవి తీర్పు చెప్పాక ఇక అప్పీలేముంటుంది? బిగించుకున్నాను.

ఆ తర్వాత నా పాట్లు పగవాడికి కూడా వద్దు. ఇంటాయన రెండు రోజులకే గది ఖాళీ చెయ్యమన్నాడు. ఎదురింటి ముసలమ్మ "నీ బండి పాడుగాను" అని పొద్దున్నే మంగళహారతి పట్టేది. ట్రాఫిక్ పోలీసులకు నేను దూరం నుంచే చుట్టాన్నయిపోయాను. వరంగల్ రోడ్డు షికార్లు మేడిపల్లి దగ్గరే ఆగిపోయేవి, అంతకు మించి నా తలకాయ ఓర్చేది కాదు. దేనికోసం ఇంత తిరిగానో దాన్ని వదిలించుకోవాలని మళ్ళీ కాలు నిలవదు. అయినా బావతో ఎట్లా చెప్పడం?

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్ వెళ్ళాను. గుమ్మంలోనే మాడు వాసన. వంటింట్లో కుక్కరు కూత మీద కూత వేస్తోంది, గొంతు చించుకుంటోంది పాపం. దానికి రెండు మూరల దూరంలో బావ పీట మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి తలెత్తి, "నీ బండి సప్పుడు గల్లీ మలుపు కాడ్నే ఇన్న, రా కూసో" అన్నాడు. నేను పరుగెత్తి స్టవ్వు కట్టేశాను. కిరాణా కొట్టుకు వెళ్ళిన అక్క, మూడు కూతలకు కట్టెయ్యమని చెప్పి పోయిందట. మలుపు దగ్గరి బండి వినబడిన మనిషికి పక్కనున్న కుక్కరు వినబడలేదు. నేను వంటింట్లోనే నిలబడిపోయాను. "ఇంగ స్టార్ట్ జెయ్యి" అన్న మాట అప్పుడు వినబడింది నాకు, నిజంగా వినబడింది. ఆయన ఎగతాళి చెయ్యలేదు. ఆ బండి నడుస్తున్నదని ఆయనకు తెలియదు. అంతమందిమి ఆయన చుట్టూ నిలబడి పగలబడి నవ్వాం.

"బావా, ఎన్నొద్దులైంది?" అని చెవి దగ్గర నోరుపెట్టి అడిగాను. మొదట కసురుకున్నాడు. తర్వాత పేపరు మడిచి, "ఏడాది దాటింది. మీ అక్కకు జెప్పకురా. సెవి లేదంటే నన్ను సెట్టర్ అని ఎవడంటడు?" అన్నాడు. "మరి ఆ టిక్కు?" అన్నాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని తన వేళ్ళ వైపే చూసుకున్నాడు.

నేను ఆ సాయంత్రమే అక్కతో చెప్పేశాను. నమ్మకద్రోహమే, కాదనను. కానీ ఎనిమిది మంది చేతులు కళ్ళముందు ఆడుతుంటే ఎట్లా ఊరుకునేది? అక్క ఏడవలేదు, అరవలేదు. పొద్దున్నే చీర మార్చుకుని ఆయన వెంట షెడ్డుకు పోయి, ఫోర్‌మన్ ముందు నిలబడి చెప్పింది. దవాఖానాలో డాక్టరు, ప్రెస్సుల మోతకు చెవులు దెబ్బతిన్నాయని, సన్నటి శబ్దాలు ముందు పోతాయని, లావుపాటివి కొన్నాళ్ళుంటాయని, మెల్లగా అవీ తగ్గవచ్చని అన్నాడు. బావను స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మా ఇంట్లో శంఖం సామెత కూడా ఆ రోజుతో పోయింది, అక్క నోట మళ్ళీ వినలేదు.

నెల తిరిగాక ఒకరోజు బావ మా కంపెనీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. జేబులోంచి వేలెడంత ఇనుప ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒక పక్క అరిగి అరిగి బ్లేడులా అయింది. ఆయన స్టోర్స్‌కు మారాక ప్రెస్సులన్నీ విప్పి చూస్తే ఒకదాంట్లో దొరికిందట. "గిది మొత్తుకునుంటది. నాకు ఇనబడలె" అన్నాడు. ఇద్దరం రోడ్డు దాటి చాయ్ తాగాం. ఆ రోజు ఏడుపు ఆపుకోవడానికి నేను చాయ్ ఎంత ఊదానో లెక్కలేదు.

ఆ గొట్టం మాత్రం మార్చలేదు. నేను గల్లీ మలుపు తిరిగేసరికి బావ గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు, అక్క కంటే ముందు. ఇంట్లోకి ఎవరు వచ్చారో ఆయనంతట ఆయనకు తెలిసే చప్పుడు అదొక్కటే మిగిలింది. జరిమానాలు కట్టాను, ఇళ్ళు మారాను. పెళ్ళయ్యాక మా ఆవిడ ఆ బండెక్కనంటే ఎక్కనంది, ఆమెను బస్సెక్కించి వెనకాల వచ్చాను. ఎన్ని తిట్లు తిన్నా గల్లీ మలుపులో ఒకసారి ఎక్కువగా రేజ్ చేసేవాణ్ణి.

రాష్ట్రం వచ్చిన రోజు పొద్దున బావను వెనక కూర్చోబెట్టుకుని ఉప్పల్ చౌరస్తాకు తీసుకుపోయాను. ఉద్యమంలో అక్కడే రోడ్డు మీద వంటలు వండినప్పుడు ఆయన గరిటె పట్టినవాడు. బండి పక్కకు ఆపి నిలబడ్డాం. డప్పులు, హారన్లు, సైలెన్సర్లు ఊడబెరికిన వందల బండ్లు. అరిచి మాట్లాడినా పక్కవాడికి వినబడటం లేదు. బావ కాసేపు అటూ ఇటూ చూశాడు. ఆ మధ్య రెండుసార్లు గేటు దగ్గరికి రాలేదని నాకు గుర్తుంది, నిద్రపోయి ఉంటాడనుకున్నాను. నా భుజం తట్టి, "ఏందిరా, గింతమంది ఉన్నరు, గమ్మున పోతున్రేంది?" అని అడిగాడు.

నేను బండి స్టార్ట్ చేసి, ఆయన చెయ్యి పట్టుకుని పెట్రోలు టాంకు మీద ఆనించి, ఎంత రేజ్ వస్తే అంతా ఇచ్చాను. టాంకు వణికింది. బావ కళ్ళు మూసుకుని, "ఆఁ, ఉన్నది, ఉన్నది" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారమే భాయ్ దగ్గరికి పోయి గొట్టం తీయించేశాను. వినేవాడే లేనప్పుడు గల్లీని ఏడిపించి ఏం లాభం? కాలం ఇచ్చేది డప్పు కొట్టి ఇస్తుంది, తీసుకునేది మాత్రం మనం నవ్వుతుండగా, మన పక్కనే నిలబడి తీసుకుంటుంది.